మెత్తగా అంటించిన పన్ను

ఓక్ చీగొన్ చిన్న కత్తి మొనను స్పిరిటు దీపం మంటలో ఒక్క క్షణం ఉంచి, దాంతో కాస్త మైనం తీసి, ప్లాస్టరు పన్ను మీద చుక్కగా వదిలాడు. చుక్క పరుచుకుని గట్టిపడేదాకా ఊపిరి బిగబట్టాడు. తర్వాత ఇంకో చుక్క. పై వరసలో కుడివైపు ముందుపన్ను అది. దానికి అతను మైనం వెయ్యడం ఇది రెండోసారి. మొదటిసారి చేసిన పింగాణీ క్యాప్ నిలువునా రెండు ముక్కలై, దూదిలో చుట్టుకుని, క్లినిక్ నుంచి తిరిగొచ్చి బల్ల మూల కూర్చుంది.

మైనంతో పన్ను ఆకారం చెక్కి, దాన్ని మట్టిలాంటి అచ్చులో పూడ్చి, కాల్చి మైనాన్ని కరిగించేసి, ఆ ఖాళీలోకి వేడికి మెత్తబడిన గాజు పింగాణీని ఫర్నేసులో నొక్కి దింపుతారు. కొరియా దక్షిణ తీరంలోని తోంగ్యోంగ్ ఊళ్లో మిగతా ల్యాబులన్నీ కంప్యూటరుతో కోసే జిర్కోనియా అనే గట్టి తెల్లటి పదార్థానికి మారిపోయాయి. చీగొన్ కూడా దవడ పళ్లకి అదే వాడతాడు, బయట కోయించుకొచ్చి. ముందుపళ్లకి మాత్రం మారలేదు. జిర్కోనియా ఇనుములా గట్టిది కానీ వెలుతురును మింగేస్తుందనీ, గాజు పింగాణీ వెలుతురును లోపలికి రానిచ్చి మళ్లీ బయటికి పంపుతుందనీ అనేవాడు. అంతకుమించి వాదించేవాడు కాదు. రెండు పళ్లు కిటికీ దగ్గర పక్కపక్కన పెట్టి చూపించి ఊరుకునేవాడు.

అతని తల్లి రేవులో ముత్యపుచిప్పలు ఒలిచే పని చేసేది. అక్కడ చిప్పలంటే తినే చిప్పలే. చలికాలమంతా ఆమె చేతులు చీలికలు పడి ఉండేవి. బడి మానేసిన కొడుకును ఆమె ఒక పళ్ల డాక్టరు దగ్గర, వెనకగదిలో ప్లాస్టరు ఊడ్చే పనికి పెట్టింది. ఊడ్చేవాడు కాస్తా ప్లాస్టరు కలిపేవాడయ్యాడు, ఆ తర్వాత మైనం చెక్కేవాడయ్యాడు. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకునేసరికి అతని చేతిపని గురించి ఊళ్లో అందరికీ తెలుసు. పెళ్లి చేసుకోలేదు. తాళ్లూ వలలూ అమ్మే కొట్టు పైన, మేడ మీద ల్యాబ్ పెట్టుకున్నాడు. మెట్లెక్కుతుంటే తారు వాసన, తలుపు తీస్తే కాలిన మైనం వాసన.

నా పేరు బే. పళ్ల ల్యాబుల్లో ఫర్నేసులు బాగుచేస్తాను. నాకు ఎవరూ నేర్పలేదు, చెడిపోయినవాటిని విప్పి చూసి నేర్చుకున్నాను. చీగొన్ ఫర్నేసు గురించి నాకు ఎంత తెలుసో అతని గురించీ అంతే తెలుసు. రెండూ ఎక్కువ మాట్లాడవు.

రెండో క్యాప్ కూడా పగిలినరోజు అతను నన్ను పిలిచాడు. ఫోనులో ఒక్కటే మాట: ఫర్నేసు అబద్ధం చెబుతోందేమో చూడు.

వెళ్లి చూశాను. ఫర్నేసు తన లోపలి వేడి ఎంతో పైన అంకెల్లో చూపిస్తుంది, కానీ ఆ అంకెను నమ్మకూడదు. సన్నటి వెండితీగ ముక్కను లోపల పెట్టి, అది ఏ అంకె దగ్గర కరుగుతుందో చూడాలి. వెండికి అబద్ధం రాదు. తీగ కరగాల్సిన చోటే కరిగింది. గాలి లాగే పంపు విప్పాను, రబ్బరు రింగులు మార్చాను, ఒత్తిడి చూశాను. దేంట్లోనూ తప్పు లేదు.

"అయితే నా చేతులే," అన్నాడు చీగొన్.

ఆ మాట అతను జాలికోసం అనలేదు. లెక్క తీసివేసి చూస్తే మిగిలింది అదే కనుక అన్నాడు. పింగాణీ ముద్ద మార్చాడు, అచ్చుపొడి మార్చాడు, అచ్చు కలిపే నీళ్లు కూడా మార్చాడు. అదే ముద్దలోంచి, అదే ఫర్నేసులోంచి పక్కనున్న గోజె దీవిలోని మరో క్లినిక్‌కి పంపిన ముందుపళ్లు శుభ్రంగా నిలబడ్డాయి. ఇక్కడ ప్యో డాక్టరు క్లినిక్‌లో, ఒకే మనిషి నోట్లో, రెండుసార్లు పగిలింది. ఒకే చెయ్యి ఒకచోట నిలబెట్టి ఇంకోచోట పగలగొట్టడం ఏమిటో అతనికి అంతుబట్టలేదు. నాకూ అంతుబట్టలేదు. ఆ మధ్య అతనికి వేళ్లు తెల్లవారుజామున బిగుసుకుంటున్నాయి. కళ్లద్దాలు మార్చాడు. మైనం ఎక్కడో పలచబడి ఉంటుంది, నాకు కనపడి ఉండదు అని అతను పదేపదే అనుకుంటుంటే, కాదని గట్టిగా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ప్యో డాక్టరు మంచివాడే. కోప్పడలేదు. మూడోది వద్దులెండి, జిర్కోనియా కోయించేద్దాం అని మాత్రం కబురు పెట్టాడు. ఆ మర్యాదే చీగొన్‌కి ఎక్కువ గుచ్చుకుంది. జిన్జూలో ఎవరికైనా ఫర్నేసు కావాలేమో కనుక్కోమని నాతో అన్నాడు. మూడోది చేసి చూస్తాడు, అదీ పగిలితే బల్ల సర్దేస్తాడు. పని చేతకాని చేతులతో మనుషుల నోళ్లలో పెట్టే వస్తువు చెయ్యకూడదన్నది అతని మాట. నేను కనుక్కున్నాను. జిన్జూలో ఒకాయన చూస్తానన్నాడు.

మూడోది చేసి చూద్దామన్నది డాక్టరు కాదు, ఆ పన్ను గల మనిషి. చోన్ పిల్‌నమ్ అనే ఆవిడ. నల్లటి లక్క పూసిన పెట్టెల మీద ముత్యపుచిప్ప పొదిగే పని ఆవిడది, తండ్రి నుంచి వచ్చిన పని. చిప్పను కాగితమంత పలచగా అరగదీసి, నూలుపోగంత సన్నటి బద్దలుగా కోసి, ఒక్కొక్క బద్దనూ అంటిస్తూ, కత్తిమొనతో పుటుక్కున తుంచుతూ గీతలూ గళ్లూ కూరుస్తారు. రోజంతా మెరుపు చూసే కళ్లు కదా, జిర్కోనియా పన్ను నమూనా చూపిస్తే, చనిపోయిన చేపకన్నులా ఉంది, వద్దు అందట డాక్టరుతో.

రంగు చూపించుకోవడానికి ఆవిడ స్వయంగా మెట్లెక్కి ల్యాబుకు వచ్చింది. ముందుపళ్ల విషయంలో ఇక్కడ అలా రావడం మామూలే. నేను ఇంకా ఫర్నేసు మూత బిగిస్తున్నాను. ఆవిడ సంచిలోంచి కింబాప్, సముద్రపు నాచులో చుట్టిన అన్నం, పొట్లం తీసి బల్ల మీద పెట్టి, చీగొన్‌ని ఎగాదిగా చూసింది.

"ఏం తమ్ముడూ, నీ ముఖం చూస్తే పన్ను విరిగింది నాకా నీకా అనిపిస్తోంది."

చీగొన్ ఆవిడను కిటికీ పక్కన కూర్చోబెట్టి, రంగు నమూనాలు ఒక్కొక్కటే పెదవి దగ్గర పెట్టి చూశాడు. చూస్తూనే, డాక్టరు అతికించాక ఏం కొరికావక్కా అని అడిగాడు. ఎండు చేప, ఎండు స్క్విడ్, ఐసు ముక్క అని తనే జాబితా చెప్పాడు. ఆవిడ అన్నిటికీ తల అడ్డంగా ఊపింది. చిప్ప బద్ద చివరను ముందుపళ్లతో పట్టుకుని, నాలుకతో తడిచేసి, అంటించుకుంటూ పోవడం తప్ప ఏమీ కొరకలేదంది. పెళ్లికి ముందునుంచీ పట్టుకుంటున్నదే, సొంత పన్నున్నప్పుడు ఎప్పుడూ విరగలేదంది.

"అయినా జాగ్రత్తగానే ఉన్నానయ్యా. గట్టిగా అంటించినదేం కాదుగా, మెత్తగా అంటించినదే కదా."

చీగొన్ చేతిలో నమూనా ఆగిపోయింది.

"మెత్తగా అంటే?"

"మెత్తగా అంటే మెత్తగానే. నచ్చకపోతే ఊడొచ్చేట్టు. చిప్పని మొదటే వేడి ఇస్త్రీ పెట్టి నొక్కేస్తామా ఏంటి? ముందు ఊరికే అంటించి, నాలుగు రోజులు దూరం నుంచి చూసి, బాగుంటే అప్పుడు నొక్కుతాం. పన్నూ అంతే చెయ్యమన్నాను."

"రెండుసార్లూనా?"

"రెండుసార్లూ. మళ్లీ రమ్మన్నారు గట్టిగా అంటించడానికి. పెట్టె ఒకటి తొందరలో ఉండి నేనే వెళ్లలేదు. బాగానే ఉందిగా అనుకున్నాను."

చీగొన్ లేచి బల్ల మూల నుంచి దూది విప్పాడు. పగిలిన ముక్కలు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, నాకు ఇచ్చాడు. లవంగం వాసన. తర్వాత ఊడదీయాలనుకునే వాటికి వాడే మెత్తటి సిమెంటులో లవంగం నూనె ఉంటుంది. ఆ వాసన అతనికి మొదటి ముక్కలు వచ్చినరోజే తెలుసు. కానీ ప్యో డాక్టరు దగ్గరనుంచి వచ్చే కాగితానికీ పెట్టెకీ కూడా అదే వాసన. క్లినిక్ వాసన అనుకున్నాడు.

డాక్టరు అబద్ధమేమీ చెప్పలేదు. అతికించాను, పగిలింది అన్నాడు, అది నిజమే. మెత్తటిదాంతో అతికించినా, గట్టిదాంతో అతికించినా ఇక్కడ మాట ఒక్కటే, అతికించాను అని. దేంతో అని ల్యాబువాడు అడగడు. మనం చేసి పంపిన వస్తువును డాక్టరు నోట్లో ఏం చేశాడని అడగడం, వంటింట్లోంచి బయటికొచ్చి ఎలా తింటున్నారని అడగడంలాంటిది. చీగొన్ ఆ బల్ల ముందు కూర్చున్నప్పటినుంచీ ఎవరినీ ఆ ప్రశ్న అడిగి ఎరగడు.

దీంతో విషయం తేలిపోయిందని నేను అనుకున్నాను. కానీ తేలలేదు, ఇంకా చిక్కుపడింది. మరుసటిరోజు చీగొన్ ఫోను చేసి క్లినిక్‌లో పనిచేసే నర్సును అడిగితే, దవడ పళ్ల క్యాప్‌లన్నీ ముందు మెత్తటిదాంతోనే అంటిస్తామని, కొందరు ఏడాదైనా తిరిగి రారని, వాటిలో ఒక్కటీ పగల్లేదని చెప్పింది. అవన్నీ జిర్కోనియావి. అవి చీగొన్ పంపినవే. మరి సిమెంటుదే తప్పయితే అవెందుకు పగల్లేదు? బుసాన్‌లో ఉన్న పాత స్నేహితుణ్ణి అడిగాడు. ఇటుక గట్టిదైతే మధ్యలో ఏ సిమెంటు పెడితేనేం అని అతను నవ్వాడు. మరొకతను దానికి పూర్తిగా ఎదురు చెప్పాడు, గాజు పింగాణీకి సగం బలం అంటించడంలోనే ఉందని. ఎవరు చెప్పినదీ మరొకరి మాటతో కలవలేదు.

పిల్‌నమ్ రంగు చూపించుకోవడానికి వచ్చిన ఆ రోజు వెళ్లేముందు ఒక పని చేసింది. అప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. తన సంచిలోంచి చిప్ప తునక ఒకటి తీసి, బల్ల మీద చదునుగా ఉన్నచోట పెట్టి గోటితో నొక్కింది. ఏమీ కాలేదు. అదే తునకను బల్ల చెక్క కాస్త గుంటపడిన చోట పెట్టి నొక్కితే టప్పున చిట్లింది. వజ్రం సరిగా పట్టని చోటే చిప్ప చిట్లుతుందని చెప్పింది. వజ్రమంటే తోలు ఉడకబెట్టి తీసే బంక, వడ్రంగులు వాడేది. కింద చెక్కను గట్టిగా పట్టుకుని ఉంటే చిప్పకు సొంతబలం అక్కర్లేదట. పట్టు జారితే మాత్రం కిందివైపు నుంచి చిట్లుతుందట.

"మరి రెండుసార్లూ నువ్వే మెత్తగా అంటించమన్నావు కదక్కా," అన్నాడు చీగొన్.

"నాకేం తెలుసయ్యా పన్ను కూడా చిప్పేనని. రాయి అనుకున్నాను."

చీగొన్‌కి మాటలతో పని జరగదు, చూడాలి. మిగిలిపోయిన పింగాణీని సన్నటి బిళ్లలుగా నొక్కి, పాత ప్లాస్టిక్ దిమ్మెల మీద కొన్నిటిని లవంగం సిమెంటుతో, కొన్నిటిని లోపలివైపు యాసిడ్‌తో గరుకు చేసి గట్టి రెసిన్ సిమెంటుతో అంటించాడు. నా దగ్గరున్న వైస్‌లో బిగించి, ఉక్కు గోళీ పెట్టి నెమ్మదిగా నొక్కాం. మెత్తగా అంటించినది ముందే పగిలింది. సంతోషించాం. ఇంకో జత పెడితే రెండూ ఇంచుమించు ఒకేసారి పగిలాయి. మరో జతలో గట్టిగా అంటించిందే ముందు పోయింది. విడదీసి భూతద్దంలో చూస్తే సిమెంటులో గాలిబుడగ ఉంది. ఆ బుడగ దగ్గరనుంచే చీలిక మొదలైంది. అంటే సిమెంటు రకమొక్కటే కాదు, అది అంతటా పట్టిందా లేదా అన్నదీ ఉంది. ఇంకా చేస్తూపోతే లెక్క గట్టిదాని వైపే మొగ్గింది గానీ, ఇదీ సంగతి అని వేలు పెట్టి చూపించేంత శుభ్రంగా ఎప్పుడూ రాలేదు.

ఇక మూడో క్యాప్ ఎలా చెయ్యాలన్నది ప్రశ్న. చీగొన్ దాన్ని కాస్త దళసరిగా చేద్దామనుకున్నాడు. కాల్చే పద్ధతీ మారుద్దామనుకున్నాడు. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు కదా అని నేనన్నాను. అతను, తెలియడం నా సంగతి, విరగకపోవడం ఆవిడ సంగతి, ఏది ముఖ్యం అని అడిగాడు. అయితే దళసరి చేస్తే పన్ను పక్కదానికంటే ఉబ్బెత్తుగా ఉంటుంది, చిప్ప బద్దను పట్టుకోవడం కుదరదు. మైనం వేసి, చెక్కి, మళ్లీ వేసి, చివరికి మొదటి రెండిటి మందంలోనే దించాడు. చేతులు వాటంతట అవే అక్కడికి వచ్చాయని చెప్పాడు.

ఆ పన్ను సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఇది రాస్తున్న నాటికి అది ఆవిడ నోట్లోనే ఉంది, చిప్ప బద్దలు పట్టుకుంటూనే ఉంది. చీగొన్ బల్ల సర్దలేదు, జిన్జూ ఆయన వేరే ఫర్నేసు కొనుక్కున్నాడు. కానీ మూడోది ఎందుకు నిలబడిందని అడిగితే చీగొన్ ఇప్పటికీ ఒక్క జవాబు చెప్పడు. సిమెంటు అంటాడు. ఆ తర్వాత, ఆవిడ ఆ ఏడాది పెట్టెలు తక్కువ చేసిందేమో అంటాడు. ఆ తర్వాత, నా చేతులు ఆరోజు బాగున్నాయేమో అంటాడు. వేళ్లు బిగుసుకుపోవడం మాత్రం తగ్గలేదు.

క్యాప్ తయారైనరోజు మామూలుగా అయితే డెలివరీ అతను వచ్చి తీసుకెళ్లాలి. చీగొన్ తనే తీసుకుని బయలుదేరాడు. నన్నూ రమ్మన్నాడు. ఎందుకంటే చెప్పలేదు. ఒంటరిగా అడగలేని ప్రశ్న ఒకటి ఉందని నాకు దారిలో అర్థమైంది. రేవు పక్కన నడుస్తూ కోటు జేబులోని చిన్న డబ్బాను రెండు మూడుసార్లు తడుముకున్నాడు.

క్లినిక్‌లో పిల్‌నమ్ అప్పటికే కుర్చీలో వాలి ఉంది. ప్యో డాక్టరు ల్యాబు మనిషి లోపలికి రావడం చూసి ఆశ్చర్యపోయి, రండి ఓక్‌గారూ అంటూ లేచాడు. చీగొన్ వంగి నమస్కారం చేశాడు. డబ్బా ఇవ్వలేదు, చేతిలోనే పట్టుకున్నాడు.

"డాక్టరుగారూ, ఇది దేంతో అతికిస్తారు?"

గదిలో నర్సు చేస్తున్న పని ఆపింది. ప్యో డాక్టరు ముఖంలో కోపం రాలేదు, అయోమయం వచ్చింది. ఎప్పటిలాగే అన్నాడు, ముందు మెత్తగా, తర్వాత గట్టిగా. ఒకసారి గట్టిగా అంటిస్తే, రంగు నచ్చలేదని ఆవిడ అంటే, ఆ పింగాణీని డ్రిల్లుతో ముక్కలుగా కోసి తియ్యాలి, కింది పన్ను కూడా దెబ్బతింటుంది. ఆ భయం లేకుండా ఎవరూ చెయ్యరని అన్నాడు. అతను చెప్పింది సబబే. చీగొన్ తల ఊపాడు. తను చూసిందంతా చెప్పాడు, బుడగ సంగతితో సహా, తేలని జతల సంగతితో సహా. తనకు పూర్తిగా తెలియదని కూడా చెప్పాడు.

"తెలియకుండానే నన్ను మార్చుకోమంటున్నారా?" అన్నాడు డాక్టరు. నవ్వుతూనే అన్నాడు గానీ నిజంగానే అడిగాడు.

"తెలియకుండానే రెండు పగలగొట్టుకున్నాం కదండీ."

డాక్టరు డబ్బా అందుకుని మూత తీశాడు. జిర్కోనియా వాటికి ఏమీ కాలేదే అని గొణుక్కున్నాడు. తనకూ అదే తెలియడం లేదని చీగొన్ అన్నాడు. కుర్చీలోంచి పిల్‌నమ్ తల ఎత్తింది.

"మీరిద్దరూ తేల్చుకునేలోపు నాకు పళ్లన్నీ ఊడిపోతాయి. నాలుగు రోజులు పెట్టుకుని చూడటమే కదా కావాల్సింది? ఇప్పుడే చూస్తాను."

సంచిలోంచి చిన్న చెక్కముక్క, కత్తి, చిప్ప బద్దలు తీసి ఒళ్లో పెట్టుకుంది. డాక్టరు అభ్యంతరం చెప్పబోయి మానుకున్నాడు. ఇన్నాళ్లూ తాత్కాలికంగా ఉంచిన ప్లాస్టిక్ పన్ను తీసి, రంగు చూసుకోవడానికి వాడే, నీళ్లతో కడిగితే పోయే పేస్టు పెట్టి, క్యాప్‌ను పన్ను మీద నిలబెట్టాడు. గట్టిగా నొక్కకండి, బద్దను ఊరికే ఆనించండి అని చీగొన్ బతిమాలాడు. ఆవిడ బద్ద చివరను ముందుపళ్ల మధ్య ఆనించి, నాలుకతో తడిచేసి, చెక్క మీద పెట్టి కత్తిమొనతో తుంచింది. మళ్లీ తుంచింది. పళ్ల క్లినిక్ కుర్చీలో వాలి, మెడలో ప్లాస్టిక్ గుడ్డతో, ఒక గళ్ల వరస మొత్తం కూర్చింది. నర్సు లైటు ఆవిడ చేతుల మీదకి తిప్పింది. తర్వాత అద్దం అడిగి, కిటికీ వెలుతురులో పెదవి ఎత్తి, పక్క పన్నుతో పోల్చి చూసుకుంది.

ఏది నాదో ఏది నీదో కనిపించడంలేదు తమ్ముడూ అని, డాక్టరు వైపు తిరిగి, ఇక ఇస్త్రీ పెట్టెయ్యండి అంది.

డాక్టరు క్యాప్‌ను మళ్లీ తీసి కడిగి, లోపలివైపు ఎవరు గరుకు చేశారని అడిగాడు. ల్యాబులోనే చేశానని చీగొన్ చెప్పాడు. ఈ మధ్యలో పెట్టిన ప్లాస్టిక్ పన్నును లవంగం లేనిదాంతో అంటించమని నర్సును ముందే అడిగినట్టు కూడా చెప్పాడు, తల దించుకుని. లవంగం నూనె మిగిలితే రెసిన్ సరిగా గట్టిపడదని ఎవరో అన్నారట, అది నిజమో కాదో తనకు తెలియదట. డాక్టరు నర్సు వైపు చూశాడు. ఆవిడ అవునన్నట్టు తల ఊపింది.

శుభ్రం చేసి ఆరబెట్టిన క్యాప్‌ను చీగొన్ చివరిసారి చిన్న పట్టకారుతో పట్టుకుని లైటుకు ఎదురుగా తిప్పి చూశాడు. ఎక్కడా గీత లేదు. సిమెంటు పట్టుకునేందుకు లోపల డాక్టరు ఒక మందు రాసి ఆరబెట్టాడు. తర్వాత సిమెంటు తీసి, లోపలంతా బుడగ రాకుండా ఒక మూలనుంచి నింపుతూ వెళ్లాడు. మధ్యలో ఆగి, ఇలాగేనా అన్నట్టు చీగొన్ వైపు చూశాడు. చీగొన్ తల ఊపాడు.

క్యాప్ పన్ను మీద కూర్చుంది. అంచుల్లోంచి సిమెంటు సమంగా పొంగింది. డాక్టరు దాన్ని తుడిచి, సిమెంటును గట్టిపరిచే నీలం లైటు ముందు నుంచి, వెనకనుంచి, పక్కలనుంచి పట్టాడు. లైటు ఆర్పి, దారంతో పళ్ల సందులు శుభ్రం చేసి, వేలితో కాస్త కదిపి చూశాడు. కదల్లేదు. కుర్చీ నిటారు చేసి, అద్దాన్ని పిల్‌నమ్ చేతికిచ్చాడు.